దీవి మునగక ముందే గొడవ మొదలవుతుంది

2013లో న్యూజిలాండ్‌లోని ఒక ట్రిబ్యునల్ ముందుకు పసిఫిక్ దీవి దేశమైన కిరిబాటి పౌరుడి కేసు ఒకటి వచ్చింది. మా దీవికి వెనక్కి పంపొద్దు, అక్కడ బతకలేం అన్నది అతని వాదన. పత్రికలు దాన్ని ప్రపంచపు తొలి వాతావరణ శరణార్థి కేసుగా రాశాయి. పెరుగుతున్న సముద్రమట్టం మాటనే అందరూ పట్టుకున్నారు. అతను చెప్పిన రెండో మాట పెద్దగా ఎవరికీ గుర్తులేదు. రాజధాని దక్షిణ తరావాలో జనం కిక్కిరిసిపోయారు, భూమి కోసం కొట్టుకుంటున్నారు, ఆ తగాదాల్లో ప్రాణాలు కూడా పోతున్నాయి అన్నాడతను. భూ తగాదాలు లేవని ట్రిబ్యునల్ అనలేదు. అతని మీద ఎవరైనా దాడి చేశారా, అతనికి సొంతంగా తగాదా ఏమైనా ఉందా అని చూసింది. లేదని తేల్చి కేసు కొట్టేసింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా 2020 జనవరిలో బయటపెట్టిన నిర్ణయంలో, తగాదాల విషయం వరకు దాదాపు అదే చెప్పింది: ఆ ముప్పు అక్కడ అందరికీ ఉన్నదే, ఇతనికి ప్రత్యేకంగా ఉన్నది కాదు.

చట్టం లెక్కలో అది సబబే కావచ్చు. కానీ పగడపు దీవుల్లో ముప్పు ఎప్పుడూ ఒకరి పేరు రాసుకుని రాదు. బావి నీళ్ళు కాస్త ఉప్పనవుతాయి. పక్కవాళ్ళు కట్టిన గోడ వల్ల మన ఒడ్డు కోసుకుపోతుంది. బయటి దీవి నుంచి రెండేళ్ళకని వచ్చిన చుట్టాలు ఇరవై ఏళ్ళు ఉండిపోతారు. వీటిలో ఏ ఒక్కటీ యుద్ధం కాదు. అన్నీ ఒకే ఊళ్ళో, ఒకే తరంలో వచ్చి పడితే ఏమవుతుందన్నదే ప్రశ్న.

వాతావరణ మార్పు ముప్పులను రెట్టింపు చేస్తుందన్న మాట ఇప్పుడు ప్రతి నివేదికలోనూ ఉంటుంది. తప్పు మాటేం కాదు, అలాగని దాంతో చేయగలిగిన పనీ లేదు. దేన్ని రెట్టింపు చేస్తుంది, ఏ దారిన చేస్తుంది, ఎక్కడ అడ్డుకట్ట వేయాలి అన్నది అందులో ఉండదు. పసిఫిక్ దీవుల్లో జరిగినవి వరసగా చూస్తే ఆ దారి దాదాపు ప్రతిసారీ భూమి హక్కుల గుండానే పోతోంది. ఎవరి నేలలో ఎవరుండాలి, ఎవరి నేల కింది నీళ్ళు ఎవరు తాగాలి అన్న పాత ఒప్పందాల ముడులను సముద్రం వదులు చేస్తుంది. డబ్బూ శ్రద్ధా ముందు వెళ్ళాల్సింది ఆ ముడుల దగ్గరికి. గస్తీ నౌకలు, రక్షణ ఒడంబడికలు ఆ తర్వాతి సంగతి అని నా వాదన.

నేల కింది నీళ్ళు

పగడపు దీవుల మీద వాగులూ చెరువులూ ఉండవు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, కిందనున్న ఉప్పునీటి మీద ఒక పొరలా తేలుతుంది. ఉప్పునీరు మంచినీటికన్నా సుమారు రెండున్నర శాతం బరువు. ఆ లెక్కన సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే దాని కింద 40 మీటర్ల మంచినీరు ఉండాలి. పుస్తకంలో లెక్క అది. అటోల్‌లో, అంటే ఇలాంటి పగడపు దీవుల వలయంలో, అంత ఉండదు. సాధారణంగా 15–20 మీటర్ల లోతున పాత సున్నపురాయి తగులుతుంది. దాని నిండా చిల్లులూ సొరంగాలే కాబట్టి ఆటుపోట్లకు ఉప్పునీరూ మంచినీరూ అక్కడ కలిసిపోతాయి. దీవి సన్నగా ఉంటే పొర ఇంకా పల్చన. కరవు రెండేళ్ళు సాగితే సన్న దీవుల్లో ఆ పొర పూర్తిగా అంతరించిపోతుంది కూడా.

ఇలాంటి చోట మామూలుగా నిలువు బోరు వేసి మోటారు పెడితే పని చెడుతుంది. మోటారు లాగిన చోట మంచినీరు తగ్గగానే కిందనున్న ఉప్పునీరు శంకువులా పైకి తన్నుకొస్తుంది. ఒక్కసారి వచ్చిందంటే మోటారు ఆపినా తొందరగా దిగదు. అందుకని నీటిమట్టానికి కాస్త కింద చిల్లుల గొట్టాలను అడ్డంగా, పొడవుగా పరుస్తారు. మధ్యలో ఉన్న తొట్టిలోకి నీరు మెల్లగా ఊరుతుంది, దాన్ని మాత్రమే తోడతారు. పాల మీద మీగడ తీసినట్టు పైపైన తీయడమే కిటుకు. చుట్టూ పరిశీలన బోర్లు వేసి, ఒక్కో బోరులో వేర్వేరు లోతులకు సన్నని గొట్టాలు దింపి, నీటి విద్యుత్ వాహకత కొలుస్తారు, ఉప్పు ఎక్కువైతే అదీ పెరుగుతుంది. తరావాలో ఆ కొలత సెంటీమీటరుకు 2,500 మైక్రోసీమెన్స్ దాటితే ఆ నీటిని మంచినీటి కింద లెక్క వేయరు.

ఇంతవరకు ఇంజనీర్ల పని, అది బాగానే సాగింది. చెడింది మరోచోట. దక్షిణ తరావాలో 60 వేలకు పైగా జనం ఉంటారు. వాళ్ళ కుళాయి నీటికి ఆధారం బొన్‌రికి, బువోటా అనే రెండు చోట్ల నేల కింద ఉన్న పొరలు. రెండూ కలిపి పాడవకుండా తోడగలిగింది రోజుకు సుమారు 2,000 ఘనపు మీటర్లు. అంటే 20 లక్షల లీటర్లు. మనిషికి 33 లీటర్లు పడుతుంది, గొట్టాల్లో కారిపోయేది తీసేస్తే అంతకూడా అందదు. ఆ రెండు నేలలూ ప్రభుత్వానివి కావు, కుటుంబాలవి. 1977లో కలరా వచ్చి మనుషులు పోయిన అనుభవం ప్రభుత్వానిది. నీటి పొర మీద ఇళ్ళు, పాయిఖానాలు, పందుల దొడ్లు ఉండకూడదని ఆ నేలలను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించి, యజమానులకు ఏటా కౌలు ఇస్తోంది.

యజమాని వైపు నుంచి చూడండి. అటోల్ మీద భూమి అంటే ఆస్తి ఒక్కటే కాదు. పెళ్ళి, వారసత్వం, మనేబాలో (ఊరి సభా మందిరంలో) కూర్చునే చోటు, తాతల సమాధులు అన్నీ దాంతోనే. ఆ భూమిలో ఇల్లు కట్టకూడదు, గొయ్యి తవ్వి బబాయ్ దుంప వేయకూడదు. బబాయ్ గుంట నీటిమట్టం దాకా తవ్వాలి, అందులో ఆకులూ అలములూ వేసి మగ్గబెట్టాలి. ఆరోగ్య శాఖ కళ్ళకు అది నీటి పొరకు పెట్టిన బొక్క. ఆ కుటుంబానికి అది విందుల్లో పరువు నిలిపే పంట. ఇటు కౌలు డబ్బు ఏళ్ళు గడిచేకొద్దీ విలువ తగ్గుతుంది, అటు కుటుంబం పెరుగుతుంది. కౌలు తండ్రి పేరున వస్తే కొడుకులకీ కూతుళ్ళకీ ఉండటానికి చోటు లేదు. పంపుల ధ్వంసం, రక్షిత నేలలోకి ఇళ్ళు జరగడం, ఇసుక తవ్వుకుపోవడం అన్నీ దీని వెంటనే వచ్చాయి. బెటియో, తెయావొరెరెకె లాంటి చోట్ల ఉన్న పాత రక్షిత ప్రాంతాలను జనావాసాలు కమ్మేయడంతో వదిలేసుకోవాల్సి వచ్చింది.

ఇందులో వాతావరణ మార్పు పాత్ర ఏమిటి? నేరుగా చూస్తే రెండు. ఒకటి, అల దీవి మీదుగా దాటినప్పుడు ఉప్పునీరు పల్లాల్లో, తెరిచి ఉన్న బావుల్లో, బబాయ్ గుంటల్లో నిలిచి మెల్లగా పొరలోకి దిగుతుంది. కుక్ దీవుల్లోని పుకాపుకాలో 2005 పెర్సీ తుఫాను తర్వాత బావులు మళ్ళీ తాగడానికి పనికొచ్చేసరికి దాదాపు 11 నెలలు పట్టింది. మట్టం పెరిగేకొద్దీ చిన్న తుఫానుకే అల దాటుతుంది. రెండు, ఎండాకాలపు వేడి, వానల ఎగుడుదిగుడు. మరో పసిఫిక్ దేశం తువాలులో 2011 సెప్టెంబరులో లా నిన్యా (పసిఫిక్ జలాలు చల్లబడి వానలు తారుమారయ్యే స్థితి) తెచ్చిన కరవుకు అత్యవసర పరిస్థితి ప్రకటించి, కుటుంబం మొత్తానికి రోజుకు రెండు బకెట్లు, అంటే 40 లీటర్లు, లెక్కపెట్టి పోశారు. లా నిన్యా కొత్తది కాదు, వాతావరణ మార్పు పుట్టించినదీ కాదు. పెరిగిన జనాభా, పల్చబడిన నీటి పొరల మీద అది వచ్చి పడటమే కొత్త.

పరోక్షంగా చేసేది నా ఉద్దేశంలో ఇంకా పెద్దది. బయటి దీవుల్లో బావి ఉప్పనై, బబాయ్ చచ్చిపోతే మనుషులు తరావాకే వస్తారు, బడీ ఆస్పత్రీ ఉన్నది అక్కడే కాబట్టి. వచ్చినవాళ్ళకు సొంత నేల ఉండదు. ఖాళీగా కనిపించేది రక్షిత నేలే. దాంతో బొన్‌రికి సరిహద్దు దగ్గర భూయజమానీ, ప్రభుత్వమూ, వలస వచ్చిన చుట్టాలూ ముగ్గురూ ఎదురుపడతారు. తరావాలో రోజుకు 4,000 ఘనపు మీటర్ల ఉప్పునీటి శుద్ధి ప్లాంటు పెట్టాలని ఆసియా అభివృద్ధి బ్యాంకు, ప్రపంచ బ్యాంకు, గ్రీన్ క్లైమేట్ ఫండ్ సాయంతో పథకం వేశారు. అవసరమే. అయితే యంత్రం నీళ్ళివ్వడం మొదలయ్యాక భూయజమాని అడిగే మొదటి ప్రశ్న ఏదో ఊహించవచ్చు: మరి నా నేల నాకెప్పుడిస్తారు? యంత్రం చెడిన రోజున మిగిలే ఆధారం ఆ నేల కింది నీరే గనక, ఆ ప్రశ్నకు జవాబు ప్లాంటు ఒప్పందంలోనే ఉండాలి.

గోడలు, ఇసుక

దీవులన్నీ కుంచించుకుపోతున్నాయన్నది నిజం కాదు. తువాలు దీవులను 1971 నుంచి 2014 వరకు ఆకాశ చిత్రాలతో కొలిస్తే మొత్తం నేల సుమారు 2.9 శాతం పెరిగిందని తేలింది. ఈ లెక్క చూపించి అంతా బాగానే ఉందనేవాళ్ళు ఉన్నారు. కానీ దీవి ఒక వైపు కోసుకుపోయి మరో వైపు మేట వేస్తుంది. కోసుకుపోయిన ఒడ్డు ఒకరిది, మేట వేసిన ఒడ్డు మరొకరిది. దేశానికి లెక్క సరిపోయింది, ఆ కుటుంబానికి సరిపోలేదు. కొత్తగా పడిన ఇసుక ఎవరిదన్న ప్రశ్న మీద దాయాదులే విడిపోతారు.

గోడ కడితే ఇంకో తంటా. పగడపు రాళ్ళు పేర్చి నిలువుగా కట్టిన గోడను తాకిన అల వెనక్కి తన్ని, గోడ పాదం దగ్గర ఇసుకను తవ్వుతుంది. పాదం కింద రాతి మేట వేయకుండా, వెనక గుడ్డ పొర పరవకుండా కట్టిన గోడ కింది నుంచి ఖాళీ అయి ముందుకు కూలుతుంది. కూలకుండా నిలబడితే కష్టం పక్కవాడిది, ఎందుకంటే గోడ అంచు దాటాక అల బలమంతా వాడి ఒడ్డు మీదే పడుతుంది. ఇక గోడకు కావలసిన రాళ్ళూ ఇసుకా ఎక్కడివి? అల బలాన్ని తగ్గించే పగడపు దిబ్బ మీది రాళ్ళు, పొరుగువాళ్ళ ముందున్న ఇసుక. ఇంటింటికీ విడిగా గోడలకు సాయం చేసే పథకాలు ఆపేయాలని నేనంటాను. తీరం మొత్తాన్ని ఒక ముక్కగా తీసుకుని, ఎవరి ఒడ్డు వదులుకుంటున్నామో ముందే చెప్పి, వాళ్ళకు పరిహారం కాగితం మీద పెట్టాకే రాయి వేయాలి.

చేరే చోట ముందే ఎవరో ఉంటారు

సాలమన్ దీవుల్లో ఇసబెల్ రాష్ట్రం దగ్గర ఐదు చిన్న దీవులు పూర్తిగా కనుమరుగయ్యాయని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ ఐదింట్లో మనుషులు లేరు. అదే పరిశోధనలో నువాతాంబు అనే జనావాస దీవి సంగతి ఉంది: 2011 తర్వాత 11 ఇళ్ళు సముద్రంలో కలిశాయి, నివాసయోగ్యమైన నేలలో సగానికి పైగా పోయింది. అక్కడ సముద్రం ఏడాదికి 7–10 మిల్లీమీటర్లు పెరిగింది. ప్రపంచ సగటు అప్పట్లో 3. ఆ అదనంలో కొంత వ్యాపార పవనాల సహజ మార్పుల వల్ల. ఈ సంగతి దాచిపెట్టి రాసేవాళ్ళతో నాకు పేచీ. సముద్రం ముందుముందు అన్నిచోట్లా అలా పెరిగితే ఎలా ఉంటుందో ఇక్కడ ముందే కనిపిస్తోంది, చెప్పుకోవాల్సింది అది.

నువాతాంబు వాళ్ళు చెదిరి పక్కనున్న పెద్ద దీవి కొండ వాలుకి చేరారు. తమ వాళ్ళ భూమి ఉన్నచోటికి వెళ్ళగలిగితే పర్వాలేదు. ఫిజీలోని వునిందొంగొలోవా ఊరు 2014లో సుమారు రెండు కిలోమీటర్లు లోపలికి జరిగింది. దాన్ని అందరూ విజయగాథగా చెబుతారు. అది నెగ్గడానికి అసలు కారణం, జరిగిన చోటు కూడా వాళ్ళ వంశపు భూమే కావడం. అలాంటి భూమి లేని ఊళ్ళకు ఆ నమూనా పనికిరాదు.

సాలమన్ దీవుల్లో 80 శాతానికి పైగా నేల ఆచార చట్టం కింద వంశాల చేతిలో ఉంది. అక్కడే 1998 నుంచి 2003 దాకా జరిగిన హింసను ప్రతి వలస పథకం గోడకూ రాసి పెట్టుకోవాలి. మలైటా దీవి నుంచి దశాబ్దాలుగా జనం గ్వాడల్‌కెనాల్‌కు వచ్చారు, అక్కడున్న రాజధాని హోనియారాలో పనికి, పామాయిల్ తోటల్లో కూలికి. చుట్టాలు వచ్చారు, ఇళ్ళు పెరిగాయి. గ్వాడల్‌కెనాల్‌లో భూమి తల్లి వైపు నుంచి వస్తుంది. మలైటాలో ఎక్కువగా తండ్రి వైపు నుంచి. నగరం చుట్టూ భూములను వంశంలోని మగవాళ్ళు కొందరు, మిగతావాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను, అడక్కుండా ఇచ్చేశారు. కొన్నవాడు శాశ్వతంగా కొన్నాననుకున్నాడు. ఇచ్చిన వంశం ఉండనిచ్చామనుకుంది. 1998 చివర్లో మలైటా వాళ్ళ ఇళ్ళు ఖాళీ చేయించడం మొదలైంది. గ్వాడల్‌కెనాల్ వాళ్ళ ఇసతాబు ఫ్రీడం మూవ్‌మెంట్ ఒక వైపు, మలైటా ఈగిల్ ఫోర్స్ మరో వైపు. 2000 జూన్‌లో ప్రధానిని బందీగా పట్టుకున్నారు. సుమారు 200 మంది చనిపోయారు, వేల కుటుంబాలు చెదిరిపోయాయి. 2003లో ఆస్ట్రేలియా నాయకత్వంలో వచ్చిన బలగం 2017 దాకా ఉండాల్సి వచ్చింది.

ఈ హింసకు వాతావరణ మార్పు కారణం కాదు. ఎవరైనా కారణమంటే నమ్మకండి. కానీ ఇందులో ఉన్న పదార్థాలు చూడండి: ఒక దీవి నుంచి మరో దీవికి వలస, నోటిమాట ఒప్పందాలు, రెండు రకాల వారసత్వ పద్ధతులు, రెండో తరంలో పెరిగిన జనాభా. రేపు లావ్ లగూన్‌లో రాళ్ళు పేర్చి కట్టుకున్న మానవనిర్మిత దీవుల వాళ్ళు మలైటా గట్టు మీదికి రావాలంటే సరిగ్గా ఇవే పదార్థాలు. దక్షిణ మలైటాలో వలాందే దీవి వాళ్ళు 2009 ఉప్పెన తర్వాత గట్టుకు చేరిపోయారు. పాత దీవి ఖాళీ. కొత్త ఊరూ సముద్రం ఒడ్డునే ఉంది, నీరు అక్కడికీ వస్తోంది. మరింత లోపలికి జరగాలంటే మళ్ళీ భూమి పేచీ.

వలస వచ్చినవాళ్ళకు భూమి ఇరుకైతే ప్రమాదం కొట్లాట రూపంలోనే రావాలని లేదు. 1950లు, 60ల్లో బ్రిటిష్ వాళ్ళు గిల్బర్ట్ దీవుల (ఇప్పటి కిరిబాటి) జనాన్ని, ముందు ఫీనిక్స్ దీవుల్లో పెట్టి, అక్కడ కరవుకు తాళలేక, సాలమన్ దీవుల్లోని గీజో, వగీనాలకు తరలించారు. వాళ్ళకు దొరికింది తీరం వెంబడి నేల. 2007 ఏప్రిల్ 2న సునామీ వచ్చినప్పుడు చనిపోయిన 52 మందిలో వాళ్ళ వాటా జనాభాకు మించి ఉంది. సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలన్న తెలివిడి స్థానిక వంశాల్లో ఉంది. అటోల్ మీద కొండలే లేవు గనక వచ్చినవాళ్ళకు అది లేదు.

కిరిబాటి ప్రభుత్వం 2014లో ఫిజీలోని వనువా లెవు దీవి మీద 5,460 ఎకరాలు కొన్నది. ప్రపంచమంతా దాన్ని ముందుచూపు అని మెచ్చుకుంది. నాతోవతు ఎస్టేట్ అనే ఆ భూమి ఆంగ్లికన్ చర్చిది. దాని మీద నవియావియా అనే ఊరుంది. పూర్వం తోట కూలికి తెచ్చిన సాలమన్ దీవుల వాళ్ళ వారసులు అందులో ఉంటారు. వాళ్ళకని చర్చి కొంత నేల విడిగా ఉంచింది, అది చాలదని వాళ్ళ గోడు. అంటే సముద్రం తరిమే వాళ్ళకోసం కొన్న నేల మీద, అంతకుముందే ఓడలు తరలించి తెచ్చిన వాళ్ళున్నారు. 2016లో వచ్చిన కొత్త ప్రభుత్వం వలస మాటను పక్కన పెట్టింది. దాంతో గొడవ ముదరలేదు, తీరనూ లేదు.

కార్టరెట్ దీవుల సంగతి దగ్గరగా చూడటం మంచిది. పపువా న్యూగినీలోని బుగన్‌విల్ దీవికి ఈశాన్యంగా 86 కిలోమీటర్ల దూరంలో ఉన్న అటోల్ అది. 1980ల్లో ప్రభుత్వం కొన్ని కుటుంబాలను బుగన్‌విల్‌లోని కువేరియాకు తరలించింది. బుగన్‌విల్‌లోని పంగునా రాగి గని గొడవ 1988లో అంతర్యుద్ధంగా మారింది. వేల మంది ప్రాణాలు తీసిన ఆ యుద్ధంలో వలసవాళ్ళు ఇమడలేక వెనక్కి వెళ్ళిపోయారు. కార్టరెట్ పెద్దల మండలి 2006లో సొంతంగా తులెలే పెయిసా అనే సంస్థ పెట్టుకుంది. ఉర్సులా రకోవా దాన్ని నడిపారు. వాళ్ళు ప్రభుత్వ భూమి కోసం చూడలేదు, బుగన్‌విల్‌లోని టిన్‌పుట్జ్‌లో కేథలిక్ చర్చి ఇచ్చిన నేల తీసుకున్నారు. ఇల్లు కట్టే ముందు ఇటు పెద్దలూ కుర్రాళ్ళూ అటు వెళ్ళి ఊరూరా మాట్లాడారు, అటువాళ్ళను ఇటు తీసుకొచ్చి పరిస్థితి చూపించారు. కుటుంబానికి ఒక హెక్టారు చొప్పున తిండి పంటలూ కోకో మొక్కలూ వేశారు. కోకో నర్సరీ లాభం చుట్టుపక్కల ఊళ్ళకూ అందేలా చూశారు. రెండు వైపులా భూమి తల్లి వైపు నుంచే రావడం కలిసొచ్చింది. పెళ్ళి సంబంధాలు కూడా కుదిరాయి. మరి ఎంతమంది వెళ్ళారు? లక్ష్యం 1,700 మంది. తొలి దశాబ్దంలో స్థిరపడినవి పది కుటుంబాలు, అటూఇటూగా. పద్ధతి సరిగ్గా ఉంటే వేగం ఇంతే ఉంటుంది. అందుకే నీళ్ళు గుమ్మం దాకా వచ్చాక మొదలుపెడితే పద్ధతిగా చేయలేరు.

అలాంటి ఒప్పందంలో ఏం ఉండాలో చెప్పుకోవడం వక్తృత్వానికన్నా మేలు. ముందుగా భూమి ఇచ్చే వంశం ఎవరో తేలాలి. అంటే వంశవృక్షం బహిరంగంగా, పొరుగు వంశాల ముందు చదవాలి. ఎవరైనా లేచి కాదంటే అక్కడే ఆగాలి. తర్వాత హద్దు వెంట నడవాలి, ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ మాత్రమే కాదు, నాలుగు దిక్కుల పొరుగువాళ్ళూ. జీపీఎస్ బిందువులతో పాటు వాగు పేరు, చెట్టు పేరు రాయాలి. జీపీఎస్ పటం ప్రభుత్వ ఆఫీసులో ఉంటుంది, చెట్టు ఊళ్ళో ఉంటుంది. ఆ నేల మీద సొంతదారులు కాని హక్కుదారులు ఉంటారు: అక్కడ తోట వేసుకునే మేనల్లుళ్ళు, సాగో ఆకు కోసుకునే పక్క ఊరు, చేపల దారి వాడుకునేవాళ్ళు. సంతకాల కాగితం మీద వాళ్ళ పేర్లు లేకపోతే పదేళ్ళకు మొదటి గొడవ వాళ్ళతోనే వస్తుంది. ఏది ఇవ్వడం లేదో కూడా రాయాలి: పవిత్ర స్థలాలు, సమాధులు, కలప, కంకర, ముందున్న పగడపు దిబ్బ. ఎన్ని ఇళ్ళు వస్తాయి, వాళ్ళ పిల్లలు వేరుపడితే ఎక్కడ కట్టుకుంటారు, ఇంకో పడవ నిండా చుట్టాలు వస్తే ఏం చేయాలి అన్నవి తప్పనిసరి. గ్వాడల్‌కెనాల్‌లో కొంప ముంచింది సరిగ్గా ఈ చివరిదే.

రిజిస్ట్రేషన్‌లోనూ ఒక ఉచ్చు ఉంది. సాలమన్ దీవుల్లో వంశపు భూమి రిజిస్టరైతే ఐదుగురికి మించకుండా ధర్మకర్తల పేర్లు పట్టా మీదికి ఎక్కుతాయి. చట్టం దృష్టిలో వాళ్ళు వంశం తరఫున ఉన్నవాళ్ళు. ఆచరణలో ఆ ఐదుగురే యజమానుల్లా అమ్మేసిన, కౌలుకిచ్చేసిన ఉదంతాలు కొల్లలు. ఐదుగురిలో ఆడవాళ్ళు ఎందరో, అమ్మకానికి వంశసభ ఒప్పుదల తప్పనిసరో కాదో రాయకుండా పట్టా ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే మంచిది.

ఇంటి లోపలి హింస గురించి కూడా ఇక్కడే చెప్పాలి, భద్రత లెక్కల్లో దాన్ని ఎవరూ కలపరు కాబట్టి. వనువాటులోని టన్నా దీవిలో 2011లో రెండు తుఫాన్లు వచ్చాక గృహహింస కేసులు కొత్తగా నమోదైనవి 300 శాతం పెరిగాయని అక్కడి మహిళా కౌన్సెలింగ్ కేంద్రం చెప్పింది. తరలింపు శిబిరంలో పాయిఖానా దూరం, దీపం లేకపోవడం, గడియ లేని తలుపు అన్నవి చిన్న సంగతులు కావు.

సముద్రంలో గీతలు, పెద్ద దేశాలు

ఒక్క చిన్న దీవి చుట్టూ 200 నాటికల్ మైళ్ళ వృత్తం గీస్తే సుమారు 4,31,000 చదరపు కిలోమీటర్ల సముద్రం వస్తుంది. దీవి మునిగితే ఆ హక్కు పోతుందా అన్న భయం మీద పసిఫిక్ దేశాలు 2021 ఆగస్టులో ఒక ప్రకటన చేశాయి: ఒకసారి గీసిన హద్దులు మార్చం. 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయం దానికి బలమిచ్చింది. ఈ గొడవ చాలావరకు తీరినట్టే. గీతలు కదలకపోయినా చేపలు కదులుతాయి, అది తీరనిది. నౌరు ఒప్పంద దేశాలు ట్యూనా పడవలకు రోజు చొప్పున హక్కులు అమ్ముతాయి, రోజుకు కనీస ధర 8,000 డాలర్లు. సముద్రం వేడెక్కేకొద్దీ ట్యూనా తూర్పుకు, ఎవరికీ చెందని జలాల్లోకి జరుగుతుంది. ఉద్గారాలు ఇలాగే ఉంటే 2050 నాటికి పది దీవి దేశాలకు ఏటా సగటున 9 కోట్ల డాలర్ల నష్టమని 2021లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. నీటి రక్షిత నేలల కౌలూ టీచరు జీతమూ వచ్చేది ఆ ఖజానా నుంచే.

2018లో నౌరులో పసిఫిక్ దేశాలు సంతకం పెట్టిన బోయె ప్రకటన, తమ ప్రజల భద్రతకు అన్నిటికన్నా పెద్ద ముప్పు వాతావరణ మార్పే అని తేల్చింది. వాతావరణ మార్పును భద్రతా సమస్యగా చూడాలని ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఐర్లండ్, నైజర్ తెచ్చిన తీర్మానం మాత్రం 2021 డిసెంబరు 13న వీగిపోయింది. 12 ఓట్లు అనుకూలం, రష్యా వీటో, చైనా తటస్థం, భారత్ వ్యతిరేకం. వాతావరణం గురించి మాట్లాడే వేదిక వేరే ఉంది, భద్రత పేరు పెట్టి పెద్ద దేశాలు తమ బాకీ ఎగ్గొడతాయి అన్నది భారత్ వాదనలో సారం. అందులో సగం నిజముందని నేననుకుంటాను. మిగతా సగం, వ్యతిరేకంగా ఓటేసి దీవులకు బదులుగా ఏమిచ్చామన్నది. దానికి జవాబు లేదు.

భద్రత పేరు పెడితే ఏమవుతుందో తువాలులో చూడొచ్చు. ఆస్ట్రేలియాతో చేసుకున్న ఫలెపిలి ఒడంబడిక 2024 ఆగస్టులో అమల్లోకొచ్చింది. ఏటా 280 మంది తువాలు పౌరులు ఆస్ట్రేలియాలో స్థిరపడొచ్చు. 2025లో మొదటి లాటరీకి కుటుంబాలతో కలిపి 8,750 మంది పేర్లిచ్చారు, దేశ జనాభా 11 వేల లోపు. బదులుగా తువాలు వేరే దేశంతో రక్షణ, భద్రత ఒప్పందం ఏది చేసుకోవాలన్నా ఆస్ట్రేలియా ఒప్పుకోవాలి. 2022లో సాలమన్ దీవులు చైనాతో చేసుకున్న భద్రతా ఒప్పందం నీడ దాని మీద స్పష్టంగా ఉంది. దొరికిన దారిని తువాలు వాళ్ళు వాడుకోవడంలో తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే ఏటా నూటికి రెండున్నర మంది చొప్పున, అందులోనూ పని చేయగల వయసువాళ్ళు వెళ్ళిపోతుంటే ఊళ్ళో భూమి వాటాలు ఎవరు చూసుకుంటారు, వెళ్ళినవాళ్ళ హక్కు ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్న ప్రశ్నలు ఆస్ట్రేలియావి కావు, తువాలు భూమి కోర్టులవి. ఆ కోర్టులకు ఎవరూ నౌకలు కానుకగా ఇవ్వరు. నౌకల మాటకొస్తే, దొంగ చేపల వేటను ఆపడానికి అవి కావాలి, కాదనను. తువాలుకు 2019లో ఆస్ట్రేలియా ఇచ్చిన గస్తీ నౌక 2023 మార్చిలో వనువాటులో ఉండగా వచ్చిన జంట తుఫాన్లకు పనికిరాకుండా పోయింది.

వాతావరణ మార్పు వల్ల దెబ్బతిన్న దేశాలకు సాయం చేసే అంతర్జాతీయ 'లాస్ అండ్ డ్యామేజ్' నిధి 2025 ఏప్రిల్‌లో బార్బడోస్‌లో మొదటి విడతగా 25 కోట్ల డాలర్లకు విధివిధానాలు ఒప్పుకుంది. ఒక్కో పథకానికి 50 లక్షల నుంచి 2 కోట్ల డాలర్లు, అందులో కనీసం సగం చిన్న దీవులకూ అతి పేద దేశాలకూ. దరఖాస్తులు రాసేవాళ్ళకు అలవాటైన పద్దులు గోడలు, భవనాలు, కన్సల్టెంట్లు. వాటి పక్కన ఇంకొన్ని పద్దులు చేర్చడానికి అడ్డేమీ లేదు: సర్వేయర్ల పడవ ఖర్చు, హద్దు నడకకు వచ్చే పొరుగు వంశాల కూలీ, ఒప్పందపు విందుకు పందులు, ఆతిథ్య ఊరికి కూడా అదే కొలతలో బడి, నీళ్ళ ట్యాంకు. కౌలును ఐదేళ్ళకోసారి ధరలతో పాటు పెంచే నిధి. రాజీ చేయించే పెద్దలకూ భూమి కోర్టు గుమాస్తాలకూ పదిహేనేళ్ళ జీతం, ఎందుకంటే గొడవ వచ్చేది వలస వచ్చిన ఏడాది కాదు, వాళ్ళ పిల్లలు ఇల్లు కట్టుకోబోయే ఏడాది.